పధ్నాలుగో నంబరు కేంద్రం బరువులు

కొంగలంక,
7 జూలై 2025.

తమ్ముడు నెహెమ్యాకు,

నువ్వూ మరదలు గ్రేసూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ ఒంట్లో అందరికీ బాగానే ఉంది. నాకు మనసులో బాగాలేదు.

ఫోనుండగా ఉత్తరమేమిటని అనుకుంటావు. ఈ సంగతి ఫోనులో చెప్పబోతే నాకు కోపంతో ఏడుపొస్తుంది. ఏడుపు వినపడగానే నువ్వు ఓదార్చడం మొదలుపెడతావు, సంగతి వినవు. కాగితమైతే చివరిదాకా చదవక తప్పదు. నువ్వూ కాగితం మీదే జవాబియ్యి.

ఏలూరు నుంచి మా బాలసేవా సమితి వాళ్ళు నాకు మెమో పంపారు. పద్దెనిమిదేళ్ళుగా ఈ బాలవాడి నడుపుతున్నాను. ముప్ఫై ఒక్కమంది పిల్లలు, సగానికి పైగా చేపల చెరువుల కాపలా కుటుంబాల వాళ్ళు. ఇన్నేళ్ళలో నాకు వచ్చిన మొదటి మెమో ఇది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను చదువు: "పధ్నాలుగో నంబరు కేంద్రంలో నమోదైన బరువులు, వయసు–బరువు గీతకు మిక్కిలి దూరంగా చెదరి ఉన్నవి. తూకం వేయకుండానే రాసినట్లు అనుమానించవలసి వచ్చుచున్నది. ఆగస్టు పదిహేనులోగా సంజాయిషీ ఇవ్వనిచో విధుల నుంచి తొలగించబడుదురు."

తూకం వేయకుండానే రాశానట. నేను.

ఇంకొకటి విను. పక్క లంకలో పదిహేనో నంబరు కేంద్రం నాగరత్నానిది. ఆవిడ బరువులన్నీ గీత మీద ముత్యాల్లా ఉన్నాయని మీటింగులో చప్పట్లు కొట్టించారు. ఆవిడ తూకం మిషను అటక మీద ఉంది, దానిమీద కంపెనీ వాళ్ళేసిన కవరు ఇంకా తియ్యలేదు. పిల్లలు నెలకి నూట యాభై గ్రాములు పెరగాలని ట్రైనింగులో చెప్పారు కదా, పోయిన నెల అంకెకి నూట యాభై కలిపి రాసేస్తుంది. జ్వరమొచ్చిన పిల్లా నూట యాభై పెరుగుతుంది, అమ్మమ్మ గారింటికెళ్ళిన పిల్లా నూట యాభై పెరుగుతుంది.

నువ్వు కాలేజీలో చెప్పేది ఇలాంటి లెక్కలే కదా. ఈ గీత ఏమిటో, దీన్ని గీసిన మహానుభావుడెవరో, ఆయన ఎప్పుడైనా చంటిపిల్లని ఎత్తుకున్నాడో లేదో కనుక్కుని రాయి.

నీ అక్క,
కృపావరం


తాడేపల్లిగూడెం,
12 జూలై 2025.

అక్కకు,

నీ ఉత్తరం నిన్న అందింది. గ్రేస్ కూడా చదివింది. నువ్వు బి.పి. మాత్రలు వేసుకుంటున్నావో లేదో అడగమంది. ఇక్కడ ఉల్లిపాయల లారీలు మా సందులోకే తిప్పుతున్నారు, కిటికీ తీస్తే ఇల్లంతా ఉల్లి వాసన.

గీత సంగతి చెబుతాను, కోప్పడకుండా చదువు. కాగితం మీద అడ్డంగా వయసు నెలల్లోనూ, నిలువుగా బరువు కిలోల్లోనూ వేసుకో. ఒక్కో బిడ్డకి ఒక్కో చుక్క. ఇప్పుడు ఆ చుక్కల మధ్యనుంచి ఒక తిన్నని గీత గియ్యాలి. ఎవరికి తోచినట్టు వాళ్ళు గీస్తే కుదరదు. ప్రతి చుక్కకీ గీతకీ మధ్య నిలువుగా ఎంత ఎడముందో చూసి, ఆ ఎడాన్ని దానితోనే గుణించి, అన్నీ కూడాలి. ఆ మొత్తం అన్నిటికంటే తక్కువ వచ్చే గీత ఒక్కటే ఉంటుంది. దాన్నే మేము రిగ్రెషన్ గీత అంటాం. వయసు చెబితే బరువు సుమారుగా ఎంతుండాలో అది చెబుతుంది. మీ సమితి ఇరవై రెండు కేంద్రాల పిల్లల్ని కలిపి చూస్తే, ఆరు కిలోల ఏడు వందల గ్రాములకి, నెలకి నూట యాభై చొప్పున కలుపుకుంటూ పోవాలి. అంటే రెండేళ్ళ పిల్ల పది కిలోల మూడు వందలుండాలి. ఏడాది దాటి ఐదేళ్ళ లోపు పిల్లలకే ఈ లెక్క.

చుక్కలు కొంచెం అటూ ఇటూ ఉండడం మామూలే. మరీ చెదిరితే కొలతలో ఏదో పొరపాటుందని అనుకుంటారు. అందులో నిన్ను అవమానించే ఉద్దేశం ఎవరికీ ఉండి ఉండదు. నా మాట విని, తూకంలో ఎక్కడైనా పొరపాటు జరిగి ఉంటే మన్నించమని నాలుగు ముక్కలు రాసి పంపించెయ్యి. దాంతో తేలిపోతుంది. పెద్ద మనసు చేసుకో.

తమ్ముడు,
నెహెమ్యా


కొంగలంక,
19 జూలై 2025.

ఒరే నెహెమ్యా,

మన్నించమని రాయాలా? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవాలా? నీకు ఎం.ఎస్సీ. చదువు చెప్పించింది ఇందుకా మన నాన్న.

నేను తూకం ఎలా వేస్తానో ఎప్పుడైనా చూశావా? నెలలో మొదటి సోమవారం, పొద్దున్నే, గంజి పెట్టకముందే. దూలానికి మిషను కట్టి, ముందు ఖాళీ ఉయ్యాల వేలాడదీసి ముల్లు సున్నా మీదకి తెచ్చుకుంటాను. పిల్ల ఒంటి మీద చొక్కా ఉండనివ్వను. వెండి మొలతాడుంటే విప్పిస్తాను, విప్పకపోతే దాని బరువు తీసేస్తాను. గింజుకునే పిల్లని మూడుసార్లు తూచి మధ్య అంకె రాస్తాను. మొన్న తూకంలో ఒకడు నా చీర మీద ఒంటేలు పోసి, రెండోసారి తూచేసరికి యాభై గ్రాములు తగ్గాడు. ఆ యాభై కూడా పుస్తకంలో ఉంది.

ఆ పుస్తకం జెరాక్సు తీయించి దీనితో పంపుతున్నాను, పేర్లతో సహా, ఏ పిల్ల ఏ చెరువు గట్టు మీదుంటుందో కూడా ఉంది. చూడు, ఇవి కూర్చుని రాసిన అంకెల్లా ఉన్నాయా. ఒక్క వయసు కాలమ్ కోసమే నేనెంత కష్టపడ్డానో. వీళ్ళు ఊరూరా తిరిగే కాపలావాళ్ళు, పుట్టిన సర్టిఫికెట్లు ఎక్కణ్ణుంచి తెస్తారు? అడిగితే, "చేపపిల్ల వదిలిన వారంలో పుట్టిందండీ, అప్పట్నుంచి రెండు పట్టుబడులు అయ్యాయండీ" అంటారు. పట్టుబడి అంటే చెరువులో చేపలన్నీ పట్టెయ్యడం, ఏడాదికి ఒకటి. నేను ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని పట్టుబడులు లెక్కపెట్టి వయసు వేశాను. నాగరత్నం వేస్తుందా అలాగ?

అందులో అలేఖ్య అని ఒక పిల్లుంది చూడు, ఉత్తరపు చెరువు వాళ్ళది. సన్నగా ఉంటుంది గానీ మహా తెలివి. రెండేళ్ళకే సండే స్కూలు పాట మొత్తం పాడేస్తుంది, తప్పు పాడినవాళ్ళని దిద్దుతుంది. అలాంటి పిల్లల అంకెలు నేను కల్పించానట.

ఇంకొక మాట. ఆరు కిలోల ఏడు వందలని రాశావు. ఆ అంకె మెమోలో లేదు. మీటింగులో ఎవరూ చెప్పలేదు. పేపర్లో పడే సంగతి కాదు. నీకెలా తెలుసు?

కృపావరం


తాడేపల్లిగూడెం,
25 జూలై 2025.

అక్కకు,

మొదటి ఉత్తరంలోనే చెప్పవలసింది. ఆ గీత నేనే గీశాను.

మార్చిలో మీ సెక్రటరీ నరసింహమూర్తి గారు మా కాలేజీకి వచ్చారు. కేంద్రాల బరువులు నమ్మవచ్చో లేదో చూసి పెట్టమన్నారు. నాకు ఇచ్చిన కాగితాల్లో పేర్లు లేవు, ఊళ్ళు లేవు. కేంద్రం నంబరు, వయసు, బరువు, అంతే. పధ్నాలుగు నువ్వేనని నాకు తెలియదు. నా నివేదికలో "ఈ కేంద్రం కొలతలను ఒకసారి పరిశీలించడం మంచిది" అని రాశాను. పరిశీలించమంటే మనిషిని పంపి చూడమని. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు ఆయన నేరుగా మెమో కొట్టేశారు. నిన్న ఫోను చేసి గట్టిగానే అడిగాను. "మీరు రాసిందే కదండీ లెక్చరర్ గారూ, మేం పొడిగించాం, అంతేగా" అన్నారు. వేలు తెగితే చెయ్యి తీసేసి, పొడిగించామంటే ఏమనాలి.

కానీ ఆయన మీద అరిచాక నామీద నాకే ఎక్కువ కోపమొచ్చింది. పదిహేనో కేంద్రాన్ని మెచ్చుకుంటూ రాసింది కూడా నేనే. నిజం పిల్లలు గీత మీద నిలబడరు, గీత చుట్టూ మూగుతారు. ఎడమే లేని అంకెలు కనపడితే ముందు వాటినే అనుమానించమని ప్రతి ఏడూ రెండో వారంలోనే పాఠం చెబుతాను. బోర్డు మీద చెప్పింది బల్ల దగ్గరకొచ్చేసరికి మరిచిపోయాను.

నీ పుస్తకం మూడు రోజులు చూశాను. ఒక సంగతి కనపడింది. ఒక్కో చెరువు పిల్లల చుక్కలకి ఒక్కో రంగు వేశాను. ఉత్తరపు చెరువు పిల్లలు దాదాపు అందరూ గీతకి పైన పడ్డారు. రోడ్డు చెరువు పిల్లలందరూ కింద పడ్డారు. ఒక చెరువు వాళ్ళంతా బొద్దుగానూ, పక్క చెరువు వాళ్ళంతా బక్కగానూ ఎందుకుంటారక్కా? ఆ రెండు చెరువుల మధ్య తేడా ఏమిటో నువ్వే చెప్పాలి.

నెహెమ్యా


కొంగలంక,
30 జూలై 2025.

శ్రీ నెహెమ్యా గారికి,

మీ ఉత్తరం చేరినది.

రెండు చెరువుల మధ్య తేడా ఏమిటని అడిగారు. మీ ఉద్దేశం నాకు అర్థమైంది. ఉత్తరపు చెరువు యజమాని మా బాలవాడికి ఫ్యాను ఇచ్చారు కాబట్టి, ఆ పిల్లలకి నేను పాలు ఎక్కువ పోస్తున్నాననీ, రోడ్డు చెరువు పిల్లల గుడ్లు నేను తింటున్నాననీ మీరు అనుమానిస్తున్నారు. మొదట దొంగలెక్కలన్నారు, ఇప్పుడు గుడ్ల దొంగతనమంటున్నారు. తర్వాత ఏమంటారో చూడాలని ఉంది.

మీరు రోడ్డు చెరువు పిల్లల్ని ఎప్పుడైనా చూశారా? బక్కగా ఉన్నవాళ్ళు ఎవరు? మణిదీప్ బుగ్గలు పట్టుకుంటే చేతికి నిండుగా వస్తాయి. గీతకి కిలోన్నర కిందపడిన పిల్లలకి రెండో గుడ్డు ఇవ్వాలని మీ సమితి రూలు, ఆ జాబితా వాళ్ళే పంపుతారు. ఆ రూలు ప్రకారం వాడికి రోజూ రెండో గుడ్డు పెడుతున్నాను, వాళ్ళమ్మ నవ్వుతుంది కూడా. మరి మీ గీత వాడు బక్కవాడంటోంది. తప్పు గీతదో, వాడి బుగ్గలదో మీరే తేల్చుకోండి.

నా కళ్ళతో చూసింది, నా చేతులతో తూచింది రాశాను. సంజాయిషీ ఇవ్వను. తీసేస్తే తీసేయండి. ఈ లంకలో పిల్లలకి నేనెవరో తెలుసు.

ఇట్లు,
కృపావరం,
టీచరు, పధ్నాలుగో నంబరు కేంద్రం


తాడేపల్లిగూడెం,
4 ఆగస్టు 2025.

అక్కకు,

నన్ను గారు అని పిలిచావు. ఉత్తరం గ్రేస్‌కి చూపించలేకపోయాను. తను అడిగితే ఇంకా రాలేదని చెప్పాను.

గుడ్ల సంగతి నా ఊహలో కూడా లేదు. నేను అడిగింది ఒకటి, నువ్వు విన్నది ఇంకొకటి. అడగడం చేతకానిది నాకే. ఈసారి సూటిగా రాస్తాను. నీ బరువుల్లో తప్పు లేదు. ఒక్క గ్రాము కూడా లేదు. ఇది నేను ఎవరి ముందైనా చెబుతాను.

తప్పు వయసులో ఉందని నా అనుమానం.

మణిదీప్ బుగ్గల గురించి నువ్వు రాసిన వాక్యంతోనే నాకు తట్టింది. వాడి బరువు పది కిలోల నాలుగు వందలు. మూడు పట్టుబడులు కాబట్టి మూడేళ్ళని రాశావు. మూడేళ్ళవాడికి అది తక్కువ. రెండేళ్ళవాడికైతే నిక్షేపమైన బరువు. మన నాన్న చెరువులో పనిచేసిన రోజుల్లో పట్టుబడి అంటే ఏడాదే. ఇప్పుడు పెద్ద సైజు చేపపిల్ల వదిలి ఎనిమిది నెలలకే పట్టేస్తున్నారని ఇక్కడ మార్కెట్లో విన్నాను. రేటు పడిపోతే ఏడాదిన్నర దాకా పట్టకుండా ఉంచేసేవాళ్ళూ ఉన్నారట. రోడ్డు చెరువులో ఎన్ని నెలలకి పడుతున్నారు? ఉత్తరపు చెరువులో ఎన్ని నెలలకి? దయచేసి కనుక్కో. మా గీతకి వయసు ఖచ్చితంగా తెలుసన్న నమ్మకమే పునాది. అది తప్పితే నిజమైన బరువు కూడా అబద్ధంలా కనపడుతుంది. వయసు ఎక్కణ్ణుంచి వచ్చిందని నేను మార్చిలోనే అడగాలి. అడగలేదు.

ఉద్యోగం గురించి బెంగ పెట్టుకోకు. పధ్నాలుగో కేంద్రం మీద నా అనుమానం పొరపాటని నరసింహమూర్తి గారికి రాసి పంపించాను. ఫైలు మూసేశామన్నారు. నువ్వు సంజాయిషీ ఇవ్వనక్కరలేదు. ఇక ఆ కాగితం జోలికి పోకు.

కానీ ఒకటుంది. ఉత్తరపు చెరువు పిల్లలు ఎనిమిదిమంది. ఏడుగురు గీతకి బాగా పైనున్నారు. అలేఖ్య ఒక్కతే గీతకి దగ్గరగా ఉంది, నాలుగు వందల గ్రాములే తక్కువ. నా నివేదిక ప్రకారమైతే ఆ చెరువులో సరైన చుక్క అదొక్కటే. నాకు ఆ చుక్కని చూస్తేనే భయంగా ఉంది. ముందు ఆ పిల్ల వయసు కనుక్కో.

తమ్ముడు,
నెహెమ్యా


కొంగలంక,
13 ఆగస్టు 2025.

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి ముందు బల్ల మీదకి విసిరేశాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, ఆ సంగతి నీకు తెలుసు. ఏలూరు ఆఫీసు కాదు, మా తమ్ముడు కాదు, ఎవడొచ్చి చెప్పినా నా పుస్తకంలో తప్పు లేదనుకున్నాను. రెండు రోజులు అలాగే ఉన్నాను. మూడోరోజు పడవ మాట్లాడుకుని చెరువుల మీదకి వెళ్ళాను, నీ తప్పు నిరూపించడానికే వెళ్ళాను.

ఉత్తరపు చెరువు మీద మేత పుస్తకం రాసేది ప్రసాదరావు గారు. చేపపిల్ల ఎప్పుడు వదిలారో, ఎప్పుడు పట్టారో తారీకులతో చూపించారు. "రేటు లేదండీ టీచరు గారూ, అందుకని రెండుసార్లూ పద్దెనిమిదేసి నెలలు ఉంచేశామండీ. ఎందుకడుగుతున్నారండీ?" అన్నారు. ఆ తారీకులు నా పుస్తకంలో రాసుకున్నాను. రోడ్డు చెరువులో నువ్వు చెప్పినట్టే, ఎనిమిదేసి నెలలు.

అలేఖ్యకి రెండేళ్ళు కాదు. మూడేళ్ళు నిండాయి. బరువు తొమ్మిది కిలోల తొమ్మిది వందలు. నీ గీత ప్రకారం పన్నెండు కిలోల నూరు గ్రాములుండాలి. రెండు కిలోల రెండు వందలు తక్కువ. రెండో గుడ్డూ పాలపొడీ మొట్టమొదట అందవలసిన పిల్ల, నా కాగితం మీద ఏ లోటూ లేని పిల్లగా కూర్చుంది. బొద్దుగా ఉన్న మణిదీప్ చేతిలో ఆ గుడ్డు పెట్టింది నేనే.

తెలివైన పిల్ల అని మురిసిపోయాను చూడు. అది తెలివి కాదురా, వయసు. మూడేళ్ళ పిల్ల మూడేళ్ళ పిల్లలా పాడుతుంటే, ఈ ఒంట్లో ఈ మాటలేమిటని నాకు తట్టలేదు.

ఇంతకంటే నన్ను కాల్చేస్తున్నది ఇంకొకటుంది. ఏప్రిల్లో వాళ్ళమ్మ నా దగ్గరికొచ్చి, "అమ్మగారండీ, మా పిల్ల నాలుగడుగులేసి కూలబడిపోతుందండీ, చంకెక్కుతానంటుందండీ" అంది. నేను పుస్తకం తెరిచి చూపించాను. "రెండేళ్ళ పిల్ల అంతేనమ్మా, బరువు సరిగ్గానే ఉంది" అన్నాను. ఆవిడకి చదువు రాదు. అంకె చూపిస్తే నమ్మి వెళ్ళిపోయింది. నాగరత్నం మీద అన్ని మాటలన్నాను. నాగరత్నం అంకెల్ని ఆ పిల్లల తల్లులైనా నమ్మరు. నా అంకెల్ని ఈ లంకంతా నమ్ముతుంది.

పట్టుబడి లెక్కలో పిల్లల వయసులన్నీ దిద్దాను. అలేఖ్యతో కలిపి నలుగురు కిలోన్నర కంటే కింద తేలారు. నిన్నటి నుంచి నలుగురికీ రెండో గుడ్డు పెడుతున్నాను. అలేఖ్యని సోమవారం ఏలూరు పెద్దాసుపత్రిలో చూపించాలి.

ఫైలు మూసేశారని రాశావు. మూసిన ఫైలు మళ్ళీ తెరవమని నరసింహమూర్తి గారికి నేను రాశాను. మెమోకి జవాబు గడువులోపే ఇచ్చాను. బరువులు నిజమని, వయసులు తప్పని, తప్పు నాదని, నలుగురు పిల్లలకి అందవలసిన తిండి నా కలం వల్ల అందలేదని రాసి సంతకం పెట్టాను. తొలగించాలనుకుంటే ఇందుకు తొలగించండి, చెయ్యని దానికి కాదు అన్నాను. మిగతా ఇరవై ఒక్క కేంద్రాల్లోనూ వయసులు ఎలా వేశారో, అంకెలకేసి చూడకుండా, మనుషుల్ని పంపి అడగమన్నాను. నీకు చెప్పకుండా నీ పేరు కూడా రాశాను, వయసుల సంగతి అడగకుండా గీత గీసిన లెక్చరరు మా తమ్ముడేనని. కోపమొస్తే తెచ్చుకో.

అలేఖ్య వాళ్ళమ్మకి ఇంకా చెప్పలేదు. గుడ్డు ఎందుకు ఎక్కువ పెడుతున్నారండీ అని నిన్న అడిగింది. ఊరికేనమ్మా అన్నాను. పద్దెనిమిదేళ్ళలో ఒక తల్లితో నేనాడిన మొదటి అబద్ధం అది. రెండోది ఆడను. ఆవిడ ముందు కూర్చుని, నీ పిల్లకి ఏ లోటూ లేదని ఏప్రిల్లో నేను చెప్పింది తప్పమ్మా అని చెప్పాలి. ఆవిడ నన్ను తిట్టదు, అదే నాకు కష్టంగా ఉంది. "పోనీలెండి అమ్మగారూ" అంటుంది.

ఆ వయసు నేను రాశాను, ఆ గీత నువ్వు గీశావు. నేనొక్కదాన్నే వెళ్ళి తల వంచుకుంటే సరిపోదు. ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కు. రేవు దగ్గర పడవతో ఉంటాను.

అక్క